నైట్ డ్యూటీ దిగాక 24 భూగోళ పాఠాలు: ఒక వీడియో కోర్సు మీద నా అభిప్రాయం

నేను నర్సుని. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీలే. పొద్దున్నే ఇంటికొచ్చాక వెంటనే నిద్ర పట్టదు. ఆ గంటో గంటన్నరో ఏదైనా నేర్చుకుందామని భూగోళశాస్త్రం శాఖల మీద ఉన్న ఈ వీడియో కోర్సులో చేరాను. మొత్తం 24 పాఠాలు, ఒక్కోటి 40 నిమిషాలు. ప్రతి పాఠం చివర చిన్న పరీక్ష ఉంటుంది. మనమే ప్రింటు తీసుకుని గీసుకోవడానికి ఖాళీ పటాలు కూడా ఇస్తారు. పూర్తి చేయడానికి నాకు మూడు నెలలు పట్టింది. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, చేరండి. అయితే పాఠాలను వాళ్లు పెట్టిన వరసలో మాత్రం చూడకండి.

బడిలో భూగోళం అంటే మాకు రాజధానులు, నదుల పొడవులు, ఏ దేశంలో ఏ ఖనిజం దొరుకుతుందో ఆ జాబితా. అంతా బట్టీయే. పటంలో ఒక నది ఉన్నట్టుండి వంపు తిరగడం చూసి "ఇది ఇటే ఎందుకు తిరిగింది సార్" అని అడిగితే, "పరీక్షలో రాదు, కూర్చో" అన్నారు మాస్టారు. ఇన్నేళ్లయినా ఆ మాట మర్చిపోలేదు. ఈ కోర్సు మొదటి పాఠం సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. ఏది ఎక్కడుందో తెలుసుకోవడం తొలి మెట్టు, అక్కడే ఎందుకుందో తెలుసుకోవడం అసలు చదువు అంటారు పాఠం చెప్పే ఆవిడ. అక్కణ్నుంచి గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ దగ్గరికి వెళ్తారు. క్రీ.పూ. 3వ శతాబ్దం. ఏడాదిలో పగలు అన్నిటికంటే ఎక్కువగా ఉండే రోజు మధ్యాహ్నం ఈజిప్టులోని సయీన్‌లో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అదే వేళకు ఉత్తరాన అలెగ్జాండ్రియాలో నిలువు కర్రకు నీడ పడుతుంది. ఆ నీడ చూపే కోణం 7.2 డిగ్రీలు, అంటే వృత్తంలో 50వ వంతు. రెండు ఊళ్ల మధ్య దూరాన్ని 50తో హెచ్చవేస్తే భూమి చుట్టుకొలత వచ్చేసింది. ఈ శాస్త్రానికి గ్రీకులో పేరు పెట్టింది కూడా ఆయనే. ఈ పాఠం అయ్యాక నాకు నిద్ర ఇంకా ఆలస్యంగా పట్టింది.

తర్వాత 11 పాఠాలు భౌతిక భూగోళశాస్త్రం, 7 పాఠాలు మానవ భూగోళశాస్త్రం, 4 పాఠాలు పటాలు, వాటి పద్ధతులు, ఆఖరున ఒక్కటంటే ఒక్క పాఠం ప్రాంతీయ భూగోళశాస్త్రం. ఈ పంపకంలోనే కోర్సు బలమూ బలహీనతా రెండూ ఉన్నాయి.

భౌతిక భాగంలో భూస్వరూపాల పాఠాలు నాలుగూ అద్భుతం. కొండలు, లోయలు, తీరాలు ఎలా పుడతాయి, ఎలా అరుగుతాయి అన్నది ఈ శాఖ చదివే విషయం. ఎవరెస్టు శిఖరం మీది రాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి అని చెప్పి, అది అంత ఎత్తుకు ఎలా చేరిందో భూమి పైపొరగా ఉన్న పెద్ద రాతి పలకల కదలికతో వివరిస్తారు. ఈ పలకలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే జరుగుతాయి, దాదాపు మన గోళ్లు పెరిగినంత వేగం.

మూడో పాఠంలో ఒక అభ్యాసం ఉంది. దయచేసి దాన్ని దాటేయకండి. పిల్లలు ఆడుకునే రంగు బంకమట్టితో రెండు పిడికిళ్లంత కొండ చేసి, నిటారు గోడలున్న డబ్బాలో పెట్టాలి. పక్కన స్కేలు నిలబెట్టి సెంటీమీటరు చొప్పున నీళ్లు పోస్తూ, పోసినప్పుడల్లా నీటి అంచు వెంబడే కొండ చుట్టూ సూదితో గీత గీయాలి. నీళ్లు పారబోసి, ఒక కన్ను మూసి పైనుంచి చూస్తే అచ్చం పటంలో ఉండే కాంటూరు గీతలే (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు)! కొండ నిటారుగా ఉన్న వైపు గీతలు ఒకదానికొకటి ఆనుకున్నట్టున్నాయి, వాలు మెల్లగా దిగే వైపు దూరదూరంగా ఉన్నాయి. బడిలో ఆ గీతల్ని వేలిముద్రల్లా చూసి వదిలేశాను. ఇప్పుడు కాంటూరు పటం ఇస్తే ఎటు ఎక్కితే ఆయాసం వస్తుందో చెప్పగలను.

శీతోష్ణస్థితి పాఠాలు మూడు. వాతావరణానికీ శీతోష్ణస్థితికీ తేడా చెప్పడానికి ఆవిడ కొంచెం కష్టపడ్డారు. నాకు మాత్రం మా వార్డులోంచే తట్టింది. ఈ పూట టెంపరేచర్ ఎంతుందన్నది వాతావరణం, పాత ఫైలు మొత్తం తిరగేస్తే ఆ మనిషి ఒంటి తీరు ఏమిటో తెలుస్తుందే, అది శీతోష్ణస్థితి. మామూలుగా 30 ఏళ్ల లెక్కల సగటు తీసుకుంటారట. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేచి, వాన కురిపించేసి, ఎండిపోయి 30 డిగ్రీల అక్షాంశాల దగ్గర కిందికి దిగుతుంది. సహారా, కలహారి, ఆస్ట్రేలియా ఎడారులు ఆ పట్టీల్లో ఉండటానికి ముఖ్య కారణం అదే. కొప్పెన్ అనే శాస్త్రవేత్త 1884లో మొదలుపెట్టిన శీతోష్ణ మండలాల విభజనను నేటికీ వాడుతున్నారనీ, ఖండాలు కదులుతున్నాయని 1912లో చెప్పిన వెగెనర్ ఆయన అల్లుడే అనీ ఇక్కడే తెలిసింది. వెగెనర్ వృత్తి వాతావరణ శాస్త్రం. ఖండాల మీద ఆయనకు దొరికిన ఆధారాల్లో పాత కాలపు శీతోష్ణస్థితి జాడలు కూడా ఉన్నాయి. ఆ ఇంట్లో రెండు శాఖలు ఒక గుమ్మంలోంచే తిరిగాయన్నమాట.

ఇక్కడే ఒక ఫిర్యాదు. ఏడో పాఠం పరీక్షలో "ఎడారి ఏర్పడటానికి కారణం" అన్న ప్రశ్నకు సముద్రానికి దూరంగా ఉండటమే ఏకైక సరైన జవాబని పెట్టారు. చల్లని సముద్ర ప్రవాహం అని నేను గుర్తిస్తే తప్పన్నది. దక్షిణ అమెరికాలోని అటకామా ఎడారి పసిఫిక్ ఒడ్డునే కదా! పక్కనే పారే చల్లని హంబోల్ట్ ప్రవాహం వల్ల అక్కడి గాలి పైకి లేవదు, వాన పడదు. ఆఫ్రికాలోని నమీబ్ ఎడారి సంగతీ దాదాపు అంతే. సముద్రాల పాఠంలో వాళ్లు చెప్పిందే ఇది. రాసి పంపితే నాలుగు రోజుల్లో సరిచేశారు, మర్యాదగా జవాబు కూడా ఇచ్చారు.

నీటి వనరుల పాఠం ఫర్వాలేదు. భూమ్మీది నీటిలో 97 శాతం ఉప్పునీరే, మిగిలిన మంచినీటిలోనూ పెద్ద భాగం మంచుగానే ఉంది అన్నది గుర్తుంచుకుంటే సగం పాఠం వచ్చినట్టే. నేలల పాఠం మాత్రం తెర మీద రాసింది చదివేయడమే. రెండుసార్లు కునికాను.

జీవ భూగోళశాస్త్రం ఆ నిద్రమత్తు వదలగొట్టింది. జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ 1802లో దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతం ఎక్కుతూ ఏ ఎత్తులో ఏ మొక్కలున్నాయో రాసుకున్నాడు. తర్వాత కొండను నిలువునా కోసినట్టు బొమ్మ గీయించి, ఆ పేర్లన్నీ వాటి వాటి ఎత్తుల్లో రాసిపెట్టాడు. ఆ బొమ్మను తెర మీద పెద్దది చేసి చూపిస్తారు. ఆ తర్వాత వాలెస్ గీత, అంటే వాలెస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఆసియా జంతువులకూ ఆస్ట్రేలియా తరహా జంతువులకూ మధ్య గుర్తించిన హద్దు. ఇండోనేషియాలోని బాలి, లొంబోక్ దీవుల మధ్య సముద్రం 35 కిలోమీటర్ల దాకానే ఉంటుంది. పడమటి పక్క ఆసియా జంతువులు, తూర్పు పక్కకు దాటగానే కాకటూ పక్షులు, ఇంకా ముందుకు వెళ్తే సంచి జంతువులు (పిల్లల్ని పొట్ట సంచిలో పెంచేవి). మంచు యుగాల్లో సముద్ర మట్టం 120 మీటర్ల దాకా పడిపోయినా ఆ జలసంధి చాలా లోతైనది కాబట్టి ఎండలేదు, నడిచి దాటే దారి ఎప్పుడూ ఏర్పడలేదు. ఇటు లోతు, అటు జంతువులు. ఒకటి తెలియకపోతే రెండోది అర్థం కాదు.

మానవ భూగోళశాస్త్రం దగ్గరికొచ్చేసరికి కోర్సు పరుగందుకుంది. జనాభా, వలసలు ఒక పాఠం. వలస వెళ్లేవాళ్లలో ఎక్కువమంది దగ్గరి చోట్లకే వెళ్తారని రావెన్‌స్టైన్ అనే పరిశోధకుడు 1885లో జనాభా లెక్కలు చూసి తేల్చాడు. ఆ మాట చెప్పి, ఎందుకన్నది చెప్పకుండా ముందుకెళ్లిపోయారు. ఆర్థిక భూగోళశాస్త్రంలో పట్నం చుట్టూ ఏది ఎక్కడ పండాలో చెప్పే వాన్ ట్యూనెన్ 1826 నాటి నమూనా బాగుంది. పాలు, కూరగాయలు త్వరగా పాడవుతాయి కాబట్టి పట్నానికి ఆనుకునే పండాలి. మోత బరువు కాబట్టి కట్టెల అడవి ఆ తర్వాతి వలయంలో, ధాన్యం ఇంకా అవతల, నడిచి రాగల పశువులు అన్నిటికంటే దూరాన. దీన్ని వలయాలుగా గీసి చూపించిన పది నిమిషాలు బంగారం. రాజకీయ భూగోళశాస్త్రంలో తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు దేశపు జలాలు, 200 మైళ్ల దాకా ఆర్థిక హక్కులు అని చెప్పారు. తీరమే లేని దేశాల గతి ఏమిటో రెండు వాక్యాల్లో ముగించారు. పట్టణాలకు ఒక పాఠం, సంస్కృతి, భాషలు, మతాలు అన్నిటికీ కలిపి ఒకటి. ఇది అన్యాయం. కొండలకు నాలుగు పాఠాలిచ్చినవాళ్లు మనుషులకు ఇంకొన్ని ఇవ్వాల్సింది.

ఇక 19వ పాఠం, ఆరోగ్య భూగోళశాస్త్రం. నా వృత్తి వల్ల నాకు పక్షపాతం ఉండొచ్చు. అయినా కోర్సు మొత్తంలో ఇదే గొప్ప పాఠమని మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

1854 ఆగస్టు చివర లండన్‌లోని సోహోలో కలరా విరుచుకుపడింది. పది రోజుల్లో 500 మందికి పైగా చనిపోయారు. చెడుగాలి వల్ల కలరా వస్తుందని అప్పటి వైద్యుల్లో ఎక్కువమంది నమ్మకం. జాన్ స్నో అనే డాక్టరు ఏ ఇంట్లో ఎందరు పోయారో పటం మీద ఆ ఇంటి దగ్గరే అన్ని గీతలు పేర్చాడు. గీతలు బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ గుమిగూడాయి. నాకు ఒళ్లు గగుర్పొడిచింది మాత్రం గీతలు లేని చోట్ల గురించి విన్నప్పుడు. పక్కనే ఉన్న పేదల శరణాలయంలో 535 మంది ఉంటే పోయింది 5గురే, ఎందుకంటే వాళ్లకు సొంత బావి ఉంది. దగ్గర్లోని బీరు కార్ఖానా పనివాళ్లలో కలరాతో ఎవరూ పోలేదు. వాళ్లు ఆ పంపు నీళ్లే తాగరు. ఎక్కడో దూరాన హ్యాంప్‌స్టెడ్‌లో ఒక పెద్దావిడ చనిపోయింది. ఆవిడకు బ్రాడ్ స్ట్రీట్ నీళ్లంటే ఇష్టమని రోజూ తెప్పించుకునేదట. తర్వాత వేసిన పటంలో స్నో ఇంకో గీత కలిపాడు. ఏ చోటు నుంచి ఈ పంపుకూ మిగతా పంపులకూ నడక సమానమో ఆ చోట్లన్నీ కలిపిన గీత అది. సూటి దూరాన్ని పట్టించుకోలేదు, వీధుల వెంట కాళ్లతో నడిచే దూరాన్నే లెక్కగట్టాడు. బిందె మోసే మనిషి గోడల్లోంచి వెళ్లదు కదా.

సెప్టెంబరు 8న పంపు పిడి తీసేశారు. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టిందని కూడా ఆవిడ దాచకుండా చెప్పారు. నాకు నచ్చిన నిజాయితీ అది. నీరు, జనసాంద్రత, వీధుల అల్లిక, పటం గీయడం, అన్నీ ఒక్క జబ్బు దగ్గర కలిశాయి. ఆ ముందు 18 పాఠాల్లో వేరువేరు గదుల్లో పెట్టి చూపించిన శాఖలు ఇక్కడ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నట్టు అనిపించింది.

అందుకే వరస మార్చమంటున్నాను. 1వ పాఠం అవగానే 20వది, అంటే పటాల ప్రక్షేపాల (గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి దింపే పద్ధతుల) పాఠం చూడండి. పటాల నిపుణుడు మెర్కేటర్ 1569లో వేసిన పద్ధతిలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. ఓడకు దిక్కు పట్టుకోవడానికి ఆ పటం బ్రహ్మాండం, వైశాల్యాలు పోల్చడానికి పనికిరాదు. ఇంత చక్కగా చెప్పినవాళ్లే 13వ పాఠంలో ప్రపంచ జనసాంద్రతను మెర్కేటర్ పటం మీదే చూపించారు! దీని గురించీ రాశాను, ఇంతవరకూ మార్చలేదు. 20 తర్వాత 19 చూసేయండి, ఆపైన 2 నుంచి మొదలుపెట్టండి. జీఐఎస్ (కంప్యూటర్ పటాల పద్ధతి), ఉపగ్రహ చిత్రాల పాఠాలు చివరకు ఉంచుకోవచ్చు. రోడ్లు, నేలలు, వానలు, జనాభా ఒక్కోటి ఒక్కో పారదర్శక కాగితం మీద గీసి ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు జీఐఎస్ పనిచేస్తుందని తెలిస్తే ప్రస్తుతానికి చాలు. ప్రాంతీయ భూగోళశాస్త్రానికి ఒకే పాఠం అన్నది నా పెద్ద కొరత. ఒక చోటును తీసుకుని శాఖలన్నిటినీ దాని మీద ప్రయోగించి చూపించే అవకాశం అక్కడే ఉంది, వాళ్లు నిర్వచనాలతో సరిపెట్టారు.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. మానవ భాగం పెంచితే ఐదూ ఇస్తాను.

ఈ వారం నాకు పగటి షిఫ్టు. సాయంత్రాలు రెండోసారి చూస్తున్నాను. నిన్న బంకమట్టి కొండ మళ్లీ చేశాను. ఈసారి చెంచా వెనక భాగంతో ఒక లోయ తొలిచి, నీళ్లు పోసి గీతలు గీశాను. లోయ దగ్గరికొచ్చేసరికి ప్రతి గీతా బాణం మొనలా వంగింది, మొనలన్నీ నది పుట్టే ఎగువ వైపుకే ఉన్నాయి.