డీఆర్ఆర్ ధాన్ 42 విత్తనం: మధ్యాహ్నం ఒంటిగంటకు ఆకు చూసి చెప్తున్నా

యాచారం దగ్గర నాన్నకు ఎకరంన్నర పొలం ఉంది. ఒక్కటే బోరు, ఎండలు ముదిరితే గంటసేపు పోసి ఆగిపోతుంది. ఏటా 1010 రకం వరి వేస్తాడు. ఈనే సమయానికి నీళ్లు చాలక కంకుల్లో తాలే ఎక్కువ. నేను వనస్థలిపురంలో ఉంటాను, ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్తాను. నీటి ఎద్దడిని తట్టుకునే ఈ డీఆర్ఆర్ ధాన్ 42 వరి విత్తనాన్ని నాన్న మడిలో వేసే ముందు మా మేడ మీద టబ్బుల్లో వేసి చూశాను.

తెలిసిన రైతు దగ్గర 6 కిలోలు తెచ్చాను. తడిగుడ్డలో 100 గింజలు కడితే 91 మొలిచాయి. పేరులో డీఆర్ఆర్ అన్నది మన రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థకు పాత పేరు. 2014లో విడుదలైన రకం. అందరికీ తెలిసిన ఐఆర్ 64 అనే వరి రకంలోకి, నీటి ఎద్దడిలోనూ దిగుబడి నిలబెట్టే జన్యుభాగాలు రెండింటిని సంకరం ద్వారా తెచ్చారు. ఇందులో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ కృషి ఉంది. సుమారు 120 రోజుల్లో కోతకొస్తుంది.

యాసంగిలో మూడు టబ్బుల్లో ఇది, మూడు టబ్బుల్లో 1010 నాటాను. 40 రోజులకు నీళ్లు ఆపేశాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు మేడెక్కితే 1010 ఆకులు అంచులు కలిసి గొట్టాల్లా అయ్యాయి. ధాన్ 42 ఆకులు మధ్య ఈనె దగ్గర మడిచినట్టు ఉన్నాయంతే. శాస్త్రవేత్తలు దీనికి 0 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు. పూర్తిగా విప్పుకున్న ఆకుకు 0, బిగుతుగా చుట్టుకున్న దానికి 9. నా లెక్కలో 1010కి 7, దీనికి 3.

చుట్టుకోవడం చెడ్డదేమీ కాదు. ఆకు పైపొరలో ఈనెల మధ్య బుడగల్లాంటి పెద్ద కణాలుంటాయి. వాటిలో నీరు తగ్గితే అవి ముడుచుకుంటాయి, ఆకు లోపలికి తిరుగుతుంది. ఎండ తగిలే వెడల్పు తగ్గి నీరు ఆవిరి కావడం నెమ్మదిస్తుంది. కానీ పొద్దంతా చుట్టుకునే ఉంటే వెలుతురు అందదు, గింజకు వెళ్లాల్సిన పిండి తయారు కాదు. అందుకే నేను మధ్యాహ్నం చూసి ఊరుకోలేదు, మర్నాడు ఉదయం ఆరింటికి మళ్లీ చూశాను. ధాన్ 42 ఆకులు మొత్తం విప్పుకున్నాయి. 1010 సగమే విప్పుకుంది, చివర్లు ఎండడం మొదలైంది. టబ్బులో వేరు లోతుకు దిగే వీలు లేదు కదా, కాబట్టి అసలు పరీక్ష మడిలోనే అనుకున్నాను.

వానాకాలంలో నాన్న పది గుంటల్లో ఇది వేశాడు. ఆగస్టులో మా ఊళ్లో 16 రోజులు చినుకు లేదు, మడి నెర్రెలిచ్చింది. ఆకులు చుట్టుకోవడం చూసి నాన్నకు టెన్షన్ పట్టుకుంది. ఫొటో తీసుకెళ్లి ఒక మందుల షాపులో చూపిస్తే ఆకుముడత అని చెప్పి 650 రూపాయల సీసా చేతిలో పెట్టారు. వినగానే నాకు చాలా కోపం వచ్చింది. పురుగైతే ఆకు అంచుల్ని దారాలతో కుట్టేస్తుంది, పచ్చదనం గోకి తెల్లచారలు చేస్తుంది. నీళ్లు లేక చుట్టుకున్న ఆకులో కుట్టు ఉండదు, వేళ్లతో లాగితే తెరుచుకుంటుంది. ఫోన్‌లో ఇదే చెప్పాను. నాన్న పొద్దున్నే పోయి చూసి, "విప్పుకుంది బిడ్డా" అన్నాడు. ఆ సీసా మూత తియ్యలేదు.

పొట్ట దశలో, అంటే కంకి ఇంకా బయటికి రాకముందు, బోరుతో ఒక్క తడి ఇచ్చాడు. ఆ తడి చాలా ముఖ్యం, ఈ రకం వేశాం కదా అని మానేయొద్దు. గింజ పాలు పోసుకునేటప్పటికి పోటాకు, అంటే కంకి కిందుండే చివరి ఆకు, ఇంకా పచ్చగానే ఉంది. నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. గింజను నింపడంలో పోటాకుదే పెద్ద పని. పది గుంటలకు ఆరు బస్తాలు వచ్చాయి, పక్కనే ఉన్న 1010లో అంతే నేలకు నాలుగున్నర.

అన్నం పొడిపొడిగా ఉంటుంది, గింజ పొడుగు. సాంబ మసూరికి అలవాటైన అమ్మకు రుచి అంతగా నచ్చలేదు. కాలవ నీళ్లున్న వాళ్లు దీని కోసం వెతుక్కోనక్కర్లేదు. రుచికి ఒక మార్కు తగ్గించి 5కి 4 ఇస్తున్నాను. నాన్న ఈసారి అర ఎకరానికి విత్తనం ఎండబెట్టి పక్కన పెట్టాడు.