పెట్టె మీద ‘1 మిల్లీసెకను’ చూసి గేమింగ్ మానిటర్ కొనకండి: రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఉన్నవారికి హెచ్చరిక

గేమింగ్ మానిటర్ కొనబోతున్న మన సరిహద్దు జిల్లాల తెలుగువారు ముందుగా ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను. పెట్టె మీది ‘1 మిల్లీసెకను’ తెర ఎంత వేగంగా మారుతుందో చెప్పేదిగా కంపెనీ వేసే అంకె. అది చూసి నమ్మినా, తెరమీద కదిలే బొమ్మ వెనుక దాని చార మిగిలిపోవచ్చు, దీన్ని గోస్టింగ్ అంటారు. వారంటీలో దీన్ని లోపం కింద జమకట్టరు. అది ఆ ప్యానెల్ (బొమ్మను చూపే తెర భాగం) స్వభావమని చెప్పి సర్వీస్ సెంటర్ తిప్పి పంపేస్తుంది, పెట్టె తెరిచారు కనుక మార్చడం కుదరదని దుకాణం చేతులెత్తేస్తుంది. కాబట్టి జాగ్రత్త ఏదైనా డబ్బు కట్టకముందే పడాలి.

మా తమ్ముడు షూటింగ్ ఆటలు ఆడతాడు. 27 అంగుళాల, 165 హెర్ట్జ్ (సెకనుకు 165 సార్లు బొమ్మను మార్చే) మానిటర్‌ను ఆడించి చూపించే దుకాణం మాకు రాయగడలో దొరకలేదు. ఇక్కడ చాలామంది చేసినట్టే మేమూ విశాఖపట్నంలోని ఒక దుకాణంతో వాట్సాప్‌లో మాట్లాడుకుని, అక్కడికి వెళ్లి తెచ్చుకున్నాం. ఎల్‌సీడీ ప్యానెళ్లలో టీఎన్, ఐపీఎస్, వీఏ అని ముఖ్యంగా మూడు రకాలుంటాయి. “ఐపీఎస్ ప్యానెల్ అయితేనే కావాలి, వీఏ అయితే వద్దు” అని ముందే స్పష్టంగా రాశాం. “ఐపీఎస్సే సార్, పైగా 1 మిల్లీసెకను” అని వాళ్లు జవాబిచ్చారు. ఇంటికి తెచ్చి ఆడిస్తే పగటి వెలుతురు దృశ్యాలన్నీ బాగానే ఉన్నాయి. చీకటి గోదాములో నడిచే దృశ్యం రాగానే అసలు సంగతి బయటపడింది. పాత్ర తల తిప్పిన ప్రతిసారీ ముదురు బూడిద రంగు గోడ మీది నల్లటి తలుపు అంచు, తడి సిరా మీద వేలు రాసినట్టు, పక్కకు సాగిపోతోంది. నల్లటి నేపథ్యం మీద బూడిద రంగు అక్షరాలున్న పేజీని పైకి జరిపినా అక్షరాల కింద ఊదారంగు మరక కాసేపు కదులుతోంది.

ఇది వీఏ ప్యానెల్ లక్షణం. ఎల్‌సీడీ తెరలో ద్రవస్ఫటిక అణువులు కదిలి వెలుగును ఆపుతాయి లేదా వదులుతాయి. టీఎన్ రకంలో అణువులు మెలితిరిగి ఉండి విద్యుత్తు తగలగానే ఆ మెలిక విప్పుకుంటాయి, ఐపీఎస్‌లో తెరకు సమాంతరంగా ఉంటూనే పక్కకు తిరుగుతాయి, వీఏలో విద్యుత్తు లేనప్పుడు గాజుకు నిటారుగా నిలబడి వెలుగును దాదాపు పూర్తిగా అడ్డుకుంటాయి. వీఏ తెర మీద నలుపు అంత గాఢంగా కనిపించడానికి కారణం ఇదే. అయితే నలుపు నుంచి ముదురు బూడిద రంగుకు మారాలంటే వాటికి అందే విద్యుత్తు చాలా స్వల్పం కనుక అవి నెమ్మదిగా వాలతాయి. చవక వీఏ తెరల్లో ఈ ఒక్క మార్పుకే 20 మిల్లీసెకన్లు దాటిపోవడం మామూలు. 165 హెర్ట్జ్ వద్ద ఒక్కో ఫ్రేము నిలిచేది సుమారు 6.06 మిల్లీసెకన్లు మాత్రమే. అంటే పాత ఫ్రేము పూర్తిగా చెరగకముందే మూడు కొత్త ఫ్రేములు వచ్చి పడతాయి. కంటికి కనిపించే చార అదే. వీఏ అంతా పనికిరాదని నేను అనడం లేదు. సామ్‌సంగ్ 2020లో తెచ్చిన ఒడిస్సీ జీ7 వంటి ఖరీదైన వీఏ తెరలు ఈ బలహీనతను చాలావరకు దాటాయి, చీకటి గదిలో సినిమా చూడడానికి మామూలు వీఏ అయినా చక్కగానే ఉంటుంది. వేగంగా తల తిప్పే ఆటలకు, అందులోనూ తక్కువ ధరలో మాత్రం అది తగదు.

మరి పెట్టె మీది ‘1 మిల్లీసెకను’ అబద్ధమా అని అడిగితే, పూర్తి అబద్ధం కాదు, అందుకే దానితో ప్రమాదం ఎక్కువ. ఆ అంకె పక్కనో కిందో సన్నటి అక్షరాల్లో జీటీజీ అనో ఎంపీఆర్‌టీ అనో ఉంటుంది. జీటీజీ అంటే ఒక బూడిద ఛాయ నుంచి మరో బూడిద ఛాయకు మారే సమయం. దాన్ని సాధారణంగా మార్పులో 10 శాతం నుంచి 90 శాతం వరకే కొలుస్తారు, అన్ని ఛాయల్లోనూ వేగంగా మారిన జతను ఎంచుకుని ప్రకటించవచ్చు. ఎంపీఆర్‌టీ పూర్తిగా వేరే సంగతి. తెర వెనుక ఉండే దీపాన్ని ప్రతి ఫ్రేముకూ క్షణంపాటు మాత్రమే వెలిగించి, కన్ను చూసే మసకను తగ్గించే పద్ధతి మీద ఆ అంకె ఆధారపడుతుంది. ఆ సదుపాయం ఆన్ చేస్తే తెర వెలుగు బాగా తగ్గుతుంది, చాలా మోడళ్లలో ఫ్రీసింక్ (ఆట వేగానికి తగ్గట్టు తెర వేగాన్ని సర్దే సదుపాయం) ఆగిపోతుంది, కొందరికి తలనొప్పి కూడా వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ద్రవస్ఫటికాల వేగం దీనివల్ల ఏమాత్రం పెరగదు. మా పెట్టె మీద ఉన్నది ఎంపీఆర్‌టీయే.

ప్యానెల్ రకాన్ని పెట్టె మీద అచ్చువేయకపోయినా అక్కడే ఉన్న వేరే అంకెలు దాన్ని చాలావరకు పట్టిస్తాయి. దుకాణదారులు చెప్పనిది ఇదే. మామూలు కాంట్రాస్ట్ (తెలుపు, నలుపుల వెలుగు నిష్పత్తి), అంటే స్టాటిక్ కాంట్రాస్ట్, 3000:1 లేదా ఆపైన ఉంటే అది దాదాపు ఖాయంగా వీఏ. 1000:1 దగ్గర ఉంటే ఐపీఎస్ గాని టీఎన్ గాని. అప్పుడు చూపు కోణం చూడాలి. 178/178 అని ఉంటే ఐపీఎస్, 170/160 అని ఉంటే టీఎన్. ఐపీఎస్ బ్లాక్ అనే కొత్త రకం మాత్రం 2000:1 లేదా ఆపైన ఇస్తుంది. లక్షల్లో, కోట్లలో కనిపించే డైనమిక్ కాంట్రాస్ట్ అంకెను అసలు లెక్కలోకి తీసుకోకండి. పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఏహెచ్‌వీఏ అన్న పేరులో వీఏ ఉన్నా అది ఐపీఎస్ తరహాదే. పీఎల్‌ఎస్, ఏడీఎస్ కూడా ఆ కుటుంబానివే. ‘ఎల్‌ఈడీ మానిటర్’ అన్న మాట తెర వెనుక ఉండే దీపం గురించి చెబుతుందే తప్ప ప్యానెల్ రకం గురించి ఏమీ చెప్పదు. మాకు అమ్మిన మానిటర్ పెట్టె పక్కభాగంలో 3000:1 అని అచ్చువేసి ఉంది. కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్ నంబరు వెతికితే వీఏ అని స్పష్టంగా కనిపించింది.

ఫోన్ చేస్తే దుకాణం వారు “సెట్టింగ్స్‌లో ఓవర్‌డ్రైవ్ చివరికంటా పెంచండి సార్, సరిపోతుంది” అన్నారు. ఓవర్‌డ్రైవ్ అంటే అణువులను తొందరపెట్టడానికి అవసరానికి మించిన వోల్టేజి ఇవ్వడం. మరీ పెంచితే రంగు గమ్యాన్ని దాటిపోయి వెనక్కి వస్తుంది, నల్లటి చారకు బదులు తెల్లటి అంచు కనిపిస్తుంది. మాకు రెండూ కనిపించాయి, చీకటి భాగాల్లో చార, మిగతా చోట్ల తెల్లటి అంచు. ఓవర్‌డ్రైవ్‌ను సాధారణంగా మధ్య స్థాయిలో ఉంచుకోవడమే మంచిది. దానితో సర్దుకోకపోతే అది తెర తత్వమేనని అనుకోవాలి.

మార్చమని అడిగితే “మీది ఒడిశా కదా సార్, అక్కడి సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి” అని దుకాణం వారు తేల్చేశారు. రాష్ట్రం మారితే హక్కు మారిపోతుందన్నట్టు మాట్లాడడం మనవైపు చాలామందికి ఎదురయ్యేదే, అందుకే ఇది తెలిసి ఉండాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఆంధ్రాలో కొన్న వస్తువు మీద కూడా మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు దాటకపోతే రుసుము లేదు, గడువు 2 సంవత్సరాలు. దానికన్నా ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. అక్కడ ‘గోస్టింగ్ వస్తోంది’ అని రాయిస్తే స్వభావం, లోపం అన్న వాదనలోకి దిగుతారు. ‘ఐపీఎస్ అని చెప్పి వీఏ అమ్మారు’ అని రాయించాలి. మేము అలాగే రాయించాం, వాట్సాప్ సంభాషణను జతచేశాం. ఆ తరువాతే దుకాణం వారు దారికి వచ్చి, అదే ధరలో ఐపీఎస్ మోడల్ తెప్పిస్తామని ఒప్పుకున్నారు. అది ఇంకా రాలేదు.

కోరాపుట్, జయపురం వైపు చలి ప్రదేశాల్లో ఉన్నవారికి మరో మాట చెప్పాలి. చలికి ద్రవస్ఫటికాలు చిక్కబడి మరింత నెమ్మదిస్తాయి. ఎండాకాలంలో కొన్నప్పుడు కంటికి ఆనని చార పుష్యమాసపు ఉదయం స్పష్టంగా కనిపించవచ్చు. తెర కాసేపు వేడెక్కాకే చూసి నిర్ణయించుకోండి.

దుకాణానికి వెళ్లగలిగితే పెట్టె తెరిపించి, డిస్‌ప్లేపోర్ట్ కేబులుతో కలిపించి, విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు నిజంగా 165కు మారిందో లేదో చూడండి, చాలాసార్లు అది 60 దగ్గరే ఉండిపోతుంది. తరువాత కదిలే బొమ్మతో తెరను పరీక్షించే టెస్ట్‌యూఎఫ్‌ఓ అనే వెబ్ పేజీ తెరిచి, నేపథ్యాన్ని నలుపు, ముదురు బూడిద రంగులకు మార్చి ఎగిరే బొమ్మ వెనుక చూడండి. పగటి దృశ్యాల వీడియో చూపించి ఒప్పించబోతే ఒప్పుకోవద్దు. వెళ్లలేకపోతే మోడల్ నంబరు, ప్యానెల్ రకం రెండూ బిల్లు మీదే రాయించుకోండి. మానిటర్‌తో వచ్చిన పెట్టె, థర్మాకోల్, కేబుళ్లు మార్పిడి గడువు ముగిసేదాకా పారేయకండి, మమ్మల్ని వాళ్లు మొదట అడిగినవి అవే.