ఓనర్ రిపేర్లు చేయించకపోతే: మనమే చేయించుకోవాలా, ఖాళీ చేయాలా?

పై ఫ్లాట్ బాత్‌రూమ్ నుంచి మన సీలింగ్‌లోకి నీళ్లు దిగుతుంటాయి. గోడంతా నెమ్ము, పెచ్చులు ఊడి మంచం మీద పడుతుంటాయి. ఫోన్ చేసిన ప్రతిసారీ ఓనర్ "ప్లంబర్‌ని పంపిస్తానండీ" అంటారు, ఎవరూ రారు. హైదరాబాద్‌లో అద్దెకుండేవాళ్లకి వానాకాలం వచ్చిందంటే ఇదే టెన్షన్.

ఇలాంటప్పుడు జనం మూడు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. సొంత డబ్బుతో రిపేరు చేయించి అద్దెలో పట్టుకుంటారు, లేదంటే అద్దె ఆపేసి "అడ్వాన్స్‌లో సర్దుకోండి" అంటారు, అదీ కాకపోతే నోటీసిచ్చి ఖాళీ చేస్తారు.

అద్దె ఆపేయడం మాత్రం వద్దు. అప్పటిదాకా తప్పు ఓనర్‌ది. అద్దె ఆపిన రోజు నుంచి బాకీ పడ్డవాళ్లం మనమవుతాం. రేపు ఎవరి ముందు కూర్చున్నా మాట లీకేజీ మీద నుంచి బాకీ మీదికి మళ్లుతుంది. అడ్వాన్స్ ఎక్కడ తిరిగి రాదోనన్న భయంతోనే చాలామంది ఇలా చేస్తారు, ఆ భయం నాకు అర్థమవుతుంది. చివరి నెలల అద్దెను అడ్వాన్స్‌లో పట్టుకుంటామంటే ఓనర్ ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లోనైనా రాయించుకోండి.

మనమే చేయించి అద్దెలో తగ్గించుకోవడానికి చట్టం అండ ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108 ప్రకారం, ఓనర్ చేయించాల్సిన రిపేరును మనం చెప్పాక తగిన సమయంలో చేయించకపోతే మనమే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో తగ్గించుకోవచ్చు. చిక్కంతా "ఓనర్ చేయించాల్సిన" అన్న మాట దగ్గరే. మన పదకొండు నెలల అగ్రిమెంట్లలో చాలావాటిలో చిన్న రిపేర్లు అద్దెకుండేవారివే అని ఉంటుంది, పెద్దవి ఎవరివో ఉండదు. పెద్ద రిపేర్లు ఓనర్‌వే అన్న లైను లేకపోతే మన వాదన బలహీనపడుతుంది. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఈ పంపకం స్పష్టంగా ఉంది: పైపులు మార్చడం, వైరింగ్, గోడలకు సున్నం ఓనర్ బాధ్యత. కుళాయి వాషర్లు, స్విచ్‌లు, గీజర్ రిపేరు మనవి. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప అది నేరుగా వర్తించదు. కానీ ఆ పంపకాన్ని మన అగ్రిమెంట్‌లో రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొత్త ఇంట్లో దిగేటప్పుడు ఈ ఒక్క పేరా అడిగి రాయించుకోండి.

ఇక తేల్చుకోవడం ఎలా? పాడైంది ఏమిటో చూడాలి. మన ఫ్లాట్ లోపలి పైపు పగిలినా, వైరింగ్ కాలినా రిపేరు మన చేతిలో ఉంటుంది. ముందు ఓనర్‌కి రాతపూర్వకంగా చెప్పి, ప్లంబర్ ఇచ్చే అంచనా పంపి, గడువు పెట్టి చేయించుకోండి. అద్దె 15,000, ఖర్చు 6,000 అనుకుంటే, నెలకి రెండు మూడు వేల చొప్పున తగ్గించుకున్నా రెండు మూడు నెలల్లో సర్దుబాటు అవుతుంది. బిల్లు జాగ్రత్త. అదే ఇల్లు మారితే లారీ, బ్రోకర్ కమిషన్, పాత ఇంటి పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో కోత, అన్నీ కలిపి అంతకు రెండు మూడింతలు అవుతుంది. పిల్లల స్కూలు దూరమయ్యే బాధ వేరే.

స్లాబ్ లీకేజీ అలా కాదు. నీళ్లు దిగే చోటు పై ఫ్లాట్‌లోనో, టెర్రస్ మీదో ఉంటుంది. మనం ఎంత ఖర్చుపెట్టి కింద పుట్టీ పెట్టించినా వచ్చే వానకి మళ్లీ అదే మరక. ఫ్యాన్ హుక్కు దగ్గర తడి కనిపించినా, పెచ్చులూడి చువ్వలు బయటపడినా ఆ గదిలో పడుకోకండి. ముసలివాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు ఉంటే అసలు ఆలోచించొద్దు. అప్పుడు ఖాళీ చేయడమే మేలు, ఖర్చు ఎక్కువైనా సరే.

ఎన్ని రోజుల ముందు చెప్పాలన్నది అగ్రిమెంట్‌లో చూడండి. ఒక నెల, రెండు నెలలు అని ఉండొచ్చు. ఏమీ రాయకపోతే నెలనెలా అద్దెకున్న ఇంటికి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. లాక్-ఇన్, అంటే ఇన్ని నెలలు ఖాళీ చేయకూడదన్న షరతు, ఉంటే మాత్రం ఆ గడువు తీరకముందే వెళ్తే అడ్వాన్స్ మీద పేచీ వస్తుంది. అలాంటప్పుడు లీకేజీ గురించి పంపిన పాత మెసేజ్‌లు, తేదీతో ఉన్న ఫోటోలే మనకి ఆధారం. నోటీసులో రిపేర్ల కోసం ఏయే తేదీల్లో అడిగామో వరుసగా రాసి, స్పీడ్ పోస్టులో పంపి రశీదు ఉంచుకోండి.

తాళాలిచ్చే రోజు గది గదికీ వీడియో తీసి, కరెంటు బిల్లు కట్టేసి, అడ్వాన్స్ ఎంత, ఏ తేదీకి ఇస్తారో ఓనర్‌తో కాగితం మీద సంతకం పెట్టించుకున్నాకే తాళాలు ఇవ్వండి.