గ్లైకాలిసిస్ ముందా, పీహెచ్ ముందా?

సెమిస్టర్ మొదలైతే చాలు, విద్యానగర్‌లో నా దగ్గరికి బయోకెమిస్ట్రీ ట్యూషన్‌కి వచ్చే పిల్లలు ఒకటే అడుగుతారు: "మేడం, గ్లైకాలిసిస్ ముందు చదవాల్నా, పీహెచ్ ముందు చదవాల్నా?" బీఎస్సీ ఫస్టియర్ వాళ్లు, ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) వాళ్లు, నర్సింగ్ వాళ్లు, అందరిదీ ఇదే ప్రశ్న. ఈ వారం ముగ్గురికి విడివిడిగా చెప్పాక, ఒకసారి రాసిపెడితే నయమనిపించింది.

గ్లైకాలిసిస్‌తో మొదలుపెట్టమనే వాళ్ల మాటలో బలం ఉంది. కణం గ్లూకోజ్‌ని విడగొట్టి శక్తి రాబట్టుకునే ఆ దారి కథలా నడుస్తుంది. గ్లూకోజ్ పది మెట్లు దిగి రెండు పైరువేట్‌లు అవుతుంది. రెండు ఏటీపీలు (కణం శక్తి కోసం వాడుకునే నాణేల్లాంటివి) ఖర్చు, నాలుగు రాబడి, మిగిలేది రెండు. పొద్దున తిన్న ఇడ్లీ సిటీ బస్సు వెనక పరుగెత్తడానికి ఎలా పనికొచ్చిందో చెప్పొచ్చు. పరీక్షలో పెద్ద ప్రశ్నగా వస్తుంది కాబట్టి చదివినవాళ్లకు ధైర్యం కూడా వస్తుంది. పీహెచ్ (ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె), బఫర్ల (ఆ అంకెను పెద్దగా మారనివ్వని ద్రావణాల) చాప్టర్‌లో ఆ హుషారు ఉండదు. లాగరిథమ్ కనపడగానే బైపీసీ నుంచి వచ్చిన పిల్లలకు టెన్షన్.

అయినా నేను పీహెచ్ వైపే. అది నేర్పేది అసలు ఛార్జ్ గురించి. ఏ అణువు మీద ఎప్పుడు ప్లస్ ఉంటుందో, ఎప్పుడు మైనస్ ఉంటుందో తెలియకుండా బయోకెమిస్ట్రీలో ఏది చదివినా బట్టీయే.

నాకు డిగ్రీలో గ్లైకాలిసిస్‌తోనే మొదలుపెట్టారు. పది మెట్లూ ఎంజైమ్‌ల పేర్లతో సహా అప్పజెప్పేదాన్ని. వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ "మొదటి మెట్టులోనే గ్లూకోజ్‌కి ఫాస్ఫేట్ ఎందుకు తగులుతుంది?" అని అడిగారు. "హెక్సోకైనేజ్ వల్ల సార్" అన్నాను. "ఏది తగిలిస్తుందని కాదమ్మా, ఎందుకని" అన్నారు. ఇంటికొచ్చాక కూడా జవాబు తట్టలేదు.

జవాబు ఛార్జ్‌లో ఉంది. కణం లోపలి పీహెచ్ దగ్గర ఫాస్ఫేట్ మీద మైనస్ ఛార్జ్ ఉంటుంది. కణపొర మధ్యభాగమంతా కొవ్వు, ఛార్జ్ ఉన్నదాన్ని దాటనివ్వదు. గ్లూకోజ్‌ని లోపలికి తెచ్చిన ట్రాన్స్‌పోర్టర్ కూడా ఫాస్ఫేట్ తగిలాక దాన్ని మోయదు. అంటే లోపలికి వచ్చిన గ్లూకోజ్ మళ్లీ బయటికి జారిపోకుండా గొళ్లెం పడినట్టే. చార్ట్ తీసి చూడండి: గ్లూకోజ్‌కీ పైరువేట్‌కీ మధ్య వచ్చే తొమ్మిది పదార్థాల్లో ప్రతిదానికీ ఫాస్ఫేట్ ఉంటుంది. మొదటి బాణం మీద మెగ్నీషియం ఎందుకు రాస్తారో కూడా అప్పుడే అర్థమవుతుంది. ఏటీపీ మీద దండిగా ఉన్న మైనస్‌లను అది కొంత కప్పిపెడుతుంది. (ఫాస్ఫేట్ అన్నప్పుడల్లా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ఇచ్చిన ఫాస్ఫరస్ పరీక్షను మన పిల్లలు ల్యాబ్‌లో ఇప్పటికీ చేస్తున్నారు.)

ప్రొటీన్‌లకూ ఇదే వర్తిస్తుంది. మొదటి క్లాసులో నేను గ్లాసెడు గోరువెచ్చని పాలు, నిమ్మకాయ, పీహెచ్ పేపర్ ముందు పెట్టుకుంటాను. పాల పీహెచ్ సుమారు 6.6. అక్కడ పాల ప్రొటీన్ కేసీన్ మీద మైనస్ ఛార్జ్ ఉంటుంది కాబట్టి రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి. నిమ్మరసం చుక్కచుక్కగా వేస్తుంటే కాసేపు ఏమీ కాదు. పీహెచ్ దిగేకొద్దీ ఆ మైనస్ తగ్గుతూ వస్తుంది, 4.6 దగ్గర నికర ఛార్జ్ సున్నా, అదే ఐసోఎలక్ట్రిక్ పాయింట్. తోసుకునేది లేక రేణువులు అతుక్కుని, చూస్తుండగానే గ్లాసు గోడకు తెల్లటి పలుకులు పడతాయి. ఇంట్లో వందసార్లు చూసిన విరిగిన పాలే, కానీ ఐసోఎలక్ట్రిక్ పాయింట్ అన్న మాట ఆ తర్వాత ఎవరూ మర్చిపోలేదు. సికిల్ సెల్ హీమోగ్లోబిన్‌లో మైనస్ ఉన్న గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లం పోయి ఛార్జ్ లేని వేలిన్ వచ్చిందంటే, ఎలక్ట్రోఫోరెసిస్‌లో (కరెంటు పెట్టి ప్రొటీన్‌లను ఛార్జ్‌ని బట్టి విడదీసే పరీక్షలో) అది ప్లస్ వైపు ఎందుకు నెమ్మదిగా పోతుందో ఎంఎల్‌టీ పిల్లలు వాళ్లే చెప్పేస్తారు.

డీఎన్‌ఏతో మొదలుపెడతామనే వాళ్లూ ఉన్నారు. ఇంటర్‌లో కొంత చదివారు కాబట్టి ఆగొచ్చు. విటమిన్‌లు ఎప్పుడైనా చదువుకోవచ్చు.

పరీక్షకు ఇరవై రోజులే ఉంటే మాత్రం గ్లైకాలిసిస్ పట్టుకోండి, తప్పదు. టైమ్ ఉన్నవాళ్లు పది రోజులు పీహెచ్‌కి ఇవ్వండి. ఆ లాగరిథమ్ సమీకరణం ఎలా వచ్చిందో రాయడం తర్వాత చూసుకోవచ్చు. పీకేఏ అంటే సగం అణువులు ప్రోటాన్ వదిలేసి ఉండే పీహెచ్. పీహెచ్ పీకేఏ కంటే తక్కువైతే ప్రోటాన్ అంటిపెట్టుకుని ఉంటుంది, ఎక్కువైతే వదిలిపోతుంది. ముందు ఇది చేతికి రావాలి. గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం తీసుకుని పీహెచ్ 1, 7, 12 దగ్గర బొమ్మ గీయండి. దాని పీకేఏలు 2.34, 9.6. చూడకుండా మూడూ గీయగలిగితే చాలు, గ్లైకాలిసిస్‌లోకి వెళ్లిపోవచ్చు.

పోయిన నెల నల్గొండ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న అమ్మాయి ఒకతె తన గ్లైకాలిసిస్ చార్ట్ తెచ్చింది. ప్రతి ఫాస్ఫేట్ పక్కన ఎర్ర పెన్నుతో మైనస్‌లు పెట్టుకుంది. చివరి గడి మీద వేలు పెట్టి, "మేడం, పైరువేట్‌కి ఫాస్ఫేట్ పోయినా కార్బాక్సిల్ మీద మైనస్ ఉంది కదా. మరి మైటోకాండ్రియాలకి ఎట్ల పోతది?" అంది. దానికి వేరే ట్రాన్స్‌పోర్టర్ ఉంది. పైరువేట్ తర్వాతి దారైన క్రెబ్స్ వలయం ఆ రోజు అక్కడి నుంచే మొదలుపెట్టాం.