కార్నివాల్ ఆఫ్ సోల్స్: పదేళ్లలో ఎనిమిదిసార్లు చూశాక

ఎక్కడ ఏం వస్తుందో తెలిసిపోయాక హారర్ సినిమాలో ఇంకేం భయం ఉంటుంది అంటారు. 1962లో వచ్చిన ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’ని ఈ పదేళ్లలో ఎనిమిదిసార్లు చూశాను. ముగింపు తెలిశాకే నాకు అసలు భయం మొదలైంది.

కథ చిన్నది. కుర్రాళ్లతో పందెం వేసుకున్న ముగ్గురు అమ్మాయిల కారు వంతెన మీంచి నదిలో పడిపోతుంది. గంటల తరబడి వెతికినా కారు దొరకదు. అప్పుడు మేరీ హెన్రీ ఒక్కతే ఒంటినిండా బురదతో ఇసుక తిన్నె మీదికి వస్తుంది. ఎలా బయటపడ్డావంటే గుర్తులేదంటుంది. తర్వాత చర్చిలో ఆర్గాన్ వాయించే ఉద్యోగం కోసం సాల్ట్ లేక్ సిటీకి బయల్దేరుతుంది. రాత్రి ప్రయాణం. కారు అద్దంలో తన ముఖం కనిపించాల్సిన చోట పాలిపోయిన మగమనిషి ముఖం కనిపిస్తుంది. కథ ఇంతకు మించి చెప్పను.

ఆ ముఖం దర్శకుడు హెర్క్ హార్వీదే. కాన్సస్ రాష్ట్రం లారెన్స్‌లో సెంట్రాన్ అనే కంపెనీలో విద్యా చిత్రాలు, పరిశ్రమల కోసం డాక్యుమెంటరీలు తీసే ఉద్యోగి ఆయన. కాలిఫోర్నియా నుంచి తిరిగొస్తూ గ్రేట్ సాల్ట్ లేక్ ఒడ్డున పాడుబడ్డ సాల్టేర్ అనే పెద్ద భవనం చూశాడు. ఒకప్పుడు జనం స్నానాలకీ డాన్సులకీ వచ్చిన చోటు అది. దాని చుట్టూ ఒక కథ అల్లమని ఆఫీసులోనే రచయితగా పనిచేసే జాన్ క్లిఫర్డ్‌ని అడిగాడు. ఉద్యోగానికి సెలవు పెట్టి, దాదాపు 33 వేల డాలర్లతో, మూడు వారాల్లో షూటింగ్ ముగించాడు. సినిమా ఆడలేదు. ఆయన మళ్లీ కథా చిత్రమే తీయలేదు. ఈ మాట తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

మొదటిసారి నన్ను పట్టేసింది బట్టల షాపు సీన్. మేరీ ఒక డ్రెస్ వేసుకుని చూసుకుంటుంది. ఉన్నట్టుండి తెరమీద బొమ్మ నీటిలో నీడలా అలలాడుతుంది. బయటికొచ్చి సేల్స్ గర్ల్‌ని పలకరిస్తే ఆమె పలకదు. మొహం తిప్పుకోవడం కాదు, ఆమె చూపు మేరీ మీద ఆగనే ఆగదు. వీధిలో కార్లు పోతుంటాయి, జనం నడుస్తుంటారు, చప్పుడు మాత్రం ఉండదు. నేను హెడ్‌ఫోన్స్ తీసి చూసుకున్నాను, పాడైపోయాయేమోనని. మేరీ పార్కులోకి వెళ్లి చెట్టుని ఆనుకుని నిలబడుతుంది. ఎక్కడో ఒక పిట్ట కూస్తుంది. అంతే, లోకం చప్పుళ్లన్నీ తిరిగొస్తాయి. దెయ్యం లేదు, రక్తం లేదు. సౌండ్ తీసేసి, ఒక పిట్ట కూతతో తిరిగిచ్చారు. ఆ పిట్ట కూత దగ్గర నాకు ప్రతిసారీ ఊపిరి వస్తుంది.

నాలుగోసారి చూసినప్పుడు కానీ మేరీ అద్దెకు దిగిన ఇంట్లో పక్కగది మనిషి లిండెన్ గురించి ఆలోచించలేదు. అంతకుముందు అతని సీన్లు సాగదీత అనుకునేదాన్ని. పొద్దున్నే కాఫీ పట్టుకుని తలుపు దగ్గరికొచ్చి, లోపలికి రానిచ్చేదాకా కదలడు. మేరీకి అతనంటే అస్సలు ఇష్టం లేదు. అయినా ఒంటరిగా ఉండలేక ఒక రాత్రి అతనితోనే బయటికి వెళ్తుంది. భయం మనిషిని ఎక్కడిదాకా నెడుతుందో ఆ సీన్లో మేరీగా వేసిన కాండేస్ హిల్లిగాస్ కళ్లలో కనిపిస్తుంది. ఆమె ముఖం మొదట బిగుసుకుపోయినట్టు అనిపించి, నటన రాదేమో అనుకున్నాను. పొరపాటు నాదే. ఎవరితోనూ కలవలేని మనిషి ముఖం అది, కావాలనే అలా ఉంచింది.

లోపాలు లేవని కాదు. డబ్బింగ్ చాలాచోట్ల పెదవులతో కలవదు. చిన్న పాత్రల్లో కొందరు డైలాగ్ అప్పజెప్పినట్టు చెబుతారు. డాక్టర్ సీన్లలో వివరణ ఎక్కువైంది, అక్కడ నాకు ఇప్పటికీ విసుగే. కానీ డబ్బింగ్ మాత్రం, విచిత్రంగా, ఒక్కోసారి సినిమాకి కలిసొస్తుంది. మాట ఒకచోట, మనిషి ఒకచోట ఉన్నట్టుంటే మేరీ లోకం అచ్చం అలాగే ఉంది కదా అనిపిస్తుంది.

జీన్ మూర్ సంగీతమంతా ఆర్గాన్ మీదే. మేరీ కూడా ఆర్గానిస్టే కాబట్టి, వినిపిస్తున్నది నేపథ్య సంగీతమా, ఆమె తలలో మోగేదా అని ఒక్కోచోట అనుమానం వస్తుంది. చర్చిలో ప్రాక్టీస్ చేస్తుండగా ఆమె చేతులు వాటంతటవే వేరే బాణీలోకి జారిపోయే సీన్ హెడ్‌ఫోన్స్‌తో వినాలి. పాస్టర్ వచ్చి ఆమె చేతుల మీద చేతులు వేసి ఆపేదాకా మెడ వెనక జిలజిలమంటూనే ఉంటుంది.

ప్రింట్ విషయంలో జాగ్రత్త. కాపీరైట్ నోటీసు లేకుండా విడుదల చేయడంతో అమెరికాలో ఇది పబ్లిక్ డొమైన్‌లోకి పోయింది, అంటే ఎవరైనా కాపీ చేసి పంచుకోవచ్చు. అందుకే ఆన్‌లైన్‌లో మసకమసక కాపీలు బోలెడు. నేను మొదటి మూడుసార్లు అలాంటిదే చూశాను. పాత సినిమాల్ని బాగుచేసి డిస్కులుగా తెచ్చే క్రైటీరియన్ వాళ్లు 2016లో తెచ్చిన రీస్టోర్డ్ బ్లూరే చూశాక సాల్టేర్ భవనం లోపల నీడలు నీడల్లా కనిపించాయి. 78 నిమిషాల సినిమా. రాత్రిపూట, లైట్లు ఆపి, మధ్యలో లేవకుండా చూడండి.

పోయినసారి చూస్తున్నప్పుడు ఒకటి గమనించాను. నదిలోంచి వచ్చాక మేరీ ఎవరెవర్ని ముట్టుకుంటుందో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. సగం సినిమా అయ్యేసరికి లెక్క ఆపేశాను. ఆ రాత్రి హాల్లో లైటు వేసుకునే పడుకున్నాను.