గట్టిగా కొరికే కుక్కకు రబ్బరు బొమ్మా, మటన్ షాపు బొక్కా?

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా లాబ్రడార్ పిల్ల ఉన్న ఇంట్లో చెప్పులు మిగలవు. కొరకడానికి ఏదో ఒకటి ఇవ్వాల్సిందే.

ఖర్చు: బొక్క దాదాపు ఉచితం. కాంగ్ కంపెనీది లాంటి, లోపల బోలుగా ఉండే రబ్బరు బొమ్మకు వందల్లో పెట్టాలి. గట్టిగా కొరికే కుక్కలకు కాంగ్‌లో నల్లది తీసుకోండి, ఎర్రది అంతకంటే మెత్తన.

శ్రమ: బొక్క ఇచ్చేస్తే సరి. బొమ్మను కడగాలి, నింపాలి. ఎండాకాలంలో ఉప్పు లేని పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వండి, చాలాసేపు దానితోనే ఉంటుంది. ఉల్లిపాయ, కిస్మిస్ కలపొద్దు, అవి కుక్కలకు విషం.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. కూరలో ఉడికిన బొక్క పుల్లల్లా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. దావత్‌లో మిగిలినవి ప్రేమతోనే పెడతాం, అయినా వద్దు. పచ్చిది అంతగా చీలదు గానీ, నల్లి బొక్క దవడ పన్ను విరిచేంత గట్టిది. గోరుతో నొక్కితే కాస్తయినా లొంగని వస్తువు పళ్లకు మంచిది కాదు. రబ్బరు లొంగుతుంది, కానీ ముక్క ఊడితే కుక్క మింగేస్తుంది. పగులు కనిపించగానే పారేయండి. నోట్లో పూర్తిగా పట్టే సైజు అసలు కొనొద్దు.

పగలు ఇంట్లో ఎవరూ లేకపోతే, ఇంతవరకు ముక్క ఊడని రబ్బరు బొమ్మే ఇవ్వాలి. నెమ్మదిగా నమిలే కుక్కైతే, మీరు పక్కనే కూర్చుంటే, అప్పుడప్పుడు పెద్ద పచ్చి బొక్క పర్వాలేదు.