గరగర ఆగిపోయిందని సంబరపడకండి: 2006 మస్టాంగ్ వెనక డిఫరెన్షియల్‌తో పదకొండేళ్లు

మేం ఉండేది డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో. నా కారు 2006 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, 4.6 లీటర్ల వీ8, ఐదు గేర్ల మాన్యువల్. 2013లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు 71 వేల మైళ్లు తిరిగి ఉంది, ఇప్పుడు లక్షా 48 వేలు. ఈ కారు ఇంజిన్ గురించి చాలామంది రాశారు కాబట్టి దాని జోలికి పోను. నేను రాసేది వెనక ఇరుసు గురించే, ఎందుకంటే ఇన్నేళ్లలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టిందీ, నేను ఎక్కువ నేర్చుకున్నదీ అక్కడే.

ఇందులో ఉన్నది ట్రాక్షన్-లాక్ అనే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఎల్ఎస్‌డీ). మలుపులో వెనక రెండు చక్రాలనీ వేర్వేరు స్పీడుల్లో తిరగనిచ్చే గేర్ల అమరికే డిఫరెన్షియల్, ఒక చక్రం పట్టు తప్పి ఊరికే తిరగకుండా చూసే రకం ఎల్ఎస్‌డీ. మాది తెనాలి పక్కన పల్లె. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ చక్రం ఒకటి బురదలో దిగబడి ఊరికే తిరుగుతుంటే నాన్న మడమతో డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కేవాడు, రెండు చక్రాలూ ఒక్కటై బండి బయటికొచ్చేది. మలుపు దగ్గర మాత్రం కాలు తీసేయాల్సిందే, లేకపోతే బండి తిరగదు. ఎల్ఎస్‌డీ అంటే ఆ పెడల్‌ని ఎప్పుడూ సగం తొక్కి ఉంచినట్టు. ట్రాక్షన్-లాక్‌లో ఆ పని చేసేవి లోపల రెండు పక్కలా ఉండే క్లచ్ ప్లేట్లు, మధ్యలో వాటిని నొక్కి పట్టే ఎస్ ఆకారపు స్ప్రింగు.

మొదటి గొడవ 96 వేల మైళ్ల దగ్గర వచ్చింది. ఒక చోట వెనక ఆయిల్ మార్పించాను, రెండు వారాల్లో పార్కింగ్ లాట్లలో స్టీరింగ్ బాగా తిప్పి మెల్లగా మలుపు తీసుకుంటుంటే వెనక నుంచి గరగర మొదలైంది. వినిపించడం ఒక్కటే కాదు, సీటు కింద కుదుపులా తెలిసేది, ఎవరో ఇరుసుని పట్టుకుని వదిలి పట్టుకుని వదిలినట్టు. చల్లగా ఉన్నప్పుడు తక్కువ, అరగంట తోలాక ఎక్కువ. అక్కడికే తీసుకెళ్తే డిఫరెన్షియల్ పోయింది, మొత్తం దింపాలి, 1,400 డాలర్లు అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పుడు కూర్చుని ఒకటే ప్రశ్న వేసుకున్నాను: శబ్దం ఎప్పుడు వస్తోంది? మలుపులో మాత్రమే, మెల్లగా వెళ్లేటప్పుడు మాత్రమే, హైవే మీద తిన్నగా వెళ్తుంటే ఏమీ లేదు. ఇంజిన్ తిప్పుడుని ఇరుసులకి అందించే క్రౌన్, పినియన్ అనే రెండు గేర్ల పళ్లు అరిగితే ఒక స్పీడులో కీచుమని రాగం తీస్తుంది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడో వదిలినప్పుడో ఆ రాగం మారుతుంది. చక్రం బేరింగ్ అయితే స్పీడుతో పాటు పెరిగే రొద, కారుని కాస్త ఎడమకీ కుడికీ ఊపితే బరువు ఏ పక్క పడిందో దాన్నిబట్టి ఎక్కువా తక్కువా అవుతుంది. టైరు రొద రోడ్డు మారితే మారిపోతుంది. గేరు వేసి క్లచ్ వదలగానే ఠక్కుమంటే అది డ్రైవ్ షాఫ్టు కీలైన యూ-జాయింటో, ఇరుసుని పట్టుకునే కంట్రోల్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్షో, లేదా పళ్ల మధ్య లూజో. నాది వీటిలో ఏదీ కాదు. మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం వేర్వేరు స్పీడుల్లో తిరగాలి, అప్పుడు ప్లేట్లు మెత్తగా జారాలి, అవి జారకుండా అతుక్కుంటూ ఊడుతూ ఉంటే వచ్చే శబ్దమే ఇది. సాధారణంగా కారణం ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్, అంటే ప్లేట్లు మెత్తగా జారడానికి కలిపే ద్రవం, లేకపోవడమే. బిల్లు తీసి చూస్తే గేర్ ఆయిల్ మాత్రమే రాసి ఉంది, మాడిఫయర్ ఊసే లేదు.

ఈ ఇరుసుకి డ్రెయిన్ ప్లగ్ లేదు. వెనక మూతకున్న పది బోల్టులు విప్పి, సిలికాన్ గీకి, ఆయిల్ అంతా దింపాలి. చెయ్యి పాడవుతుంది, ఆ కంపు రెండు రోజులు వదలదు. 118 మిల్లీలీటర్ల మాడిఫయర్ సీసా ముందు పోసి, తర్వాత 75డబ్ల్యూ-140 సింథటిక్ ఆయిల్ పోశాను. ఈ వరస ముఖ్యం, ముందే ఆయిల్ నింపేస్తే మాడిఫయర్‌కి లోపల చోటుండదు. ఆదివారం పొద్దున ఖాళీగా ఉన్న స్కూల్ పార్కింగ్ లాట్‌లో ఎనిమిది అంకె ఆకారంలో అటు పది చుట్లు, ఇటు పది చుట్లు తిప్పాను. ఆరో చుట్టు నుంచే గరగర తగ్గుతూ వచ్చి, ఇంటికొచ్చేసరికి లేదు. 1,400 డాలర్లు అన్న పని 70 లోపు అయిపోయింది.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే, అసలు నేను చెప్పాలనుకున్నది దీని తర్వాత జరిగింది. లక్షా 20 వేల మైళ్ల దగ్గర మళ్లీ చిన్నగా గరగర వచ్చింది. ఆయిల్ మార్చే ఓపిక లేక ఇంకో మాడిఫయర్ సీసా కొద్దికొద్దిగా పోశాను, ఆగింది. ఏడాది తర్వాత మళ్లీ కొంచెం వచ్చి, ఈసారి నేనేమీ చేయకుండానే దానంతట అదే ఆగిపోయింది. బాగైపోయిందనుకుని హాయిగా తోలుకున్నాను. ఒకరోజు వాన పడుతుంటే ఇంటి దగ్గర సిగ్నల్‌లో ఎడమకి తిరిగి యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కితే ఒక చక్రం గిర్రున తిరిగింది, కారు కదల్లేదు. వెనక లారీ ఉంది. నా చేతులు వణికాయి. కొత్తలో ఇదే కారు ఇలాంటి చోట వెనక రెండు చక్రాలతోనూ పట్టుకుని ముందుకెళ్లేది.

ఆ వారాంతం టెస్టు చేశాను. ముందు చక్రాలకి రెండు వైపులా అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ దించి, వెనక ఒక్క చక్రమే పైకి లేపి స్టాండు మీద ఉంచాలి, రెండోది నేల మీదే ఉండాలి. లేపిన చక్రం ఊడదీసి, చక్రం బిగించే స్టడ్లకి ఒక ఇనుప పట్టీ బిగించి, తిప్పడానికి ఎంత బలం పడుతోందో ముల్లుతో చూపించే టార్క్ రెంచితో నిదానంగా తిప్పాలి. తిరుగుతూ ఉన్నంతసేపూ కనీసం 20 పౌండ్-అడుగులు చూపించాలి. నాది 9 దగ్గర ఆడుతోంది. అంటే ప్లేట్లు అరిగిపోయాయి. గరగరమనడానికి కూడా పట్టు ఉండాలి కదా, పట్టే లేనప్పుడు శబ్దం ఎక్కడిది? నేను బాగైందనుకున్న నిశ్శబ్దం అదే. పైగా మాడిఫయర్ ఎక్కువైతే ఉన్న పట్టు కూడా జారిపోతుంది, రెండో సీసా పోయడం నా తప్పే.

ఇంకో తప్పు కూడా బయటపడింది. మేకు దిగి ఒక వెనక టైరు పోతే అదొక్కటే కొత్తది వేయించాను, రెండోది సగం అరిగినది. రెండిటి చుట్టుకొలతలో తేడా ఉంటే తిన్నగా వెళ్తున్నా ప్లేట్లు రాపిడి పడుతూనే ఉంటాయి. అలా దాదాపు 15 వేల మైళ్లు తోలాను.

ప్లేట్లు మార్చడానికి డిఫరెన్షియల్ మొత్తం దింపనక్కర్లేదు. ఇక్కడే పరిచయమైన ఒంగోలు అన్న ఒకాయన గ్యారేజీలో, ఆయన సాయంతో కారు కిందే చేశాం. క్రౌన్ కదలదు కాబట్టి పళ్ల సెట్టింగు చెడదు. అడ్డ పిన్ను తీసి, ఇరుసులు లోపలికి నెట్టి, వాటిని పట్టి ఉంచే సీ-క్లిప్పులు తీసి, ఇరుసులు బయటికి లాగాక ఎస్ స్ప్రింగు కొట్టి తీయాలి. అది ఒక్కసారిగా ఎగిరి వస్తుంది, అన్న ముందే దళసరి గుడ్డ కప్పి, "కళ్లద్దాలు పెట్టుకో తమ్ముడూ, మొహం పక్కకి పెట్టు" అన్నాడు. పాత ప్లేటు చేతిలోకి తీసుకుంటే గరుకే లేదు, గాజులా నున్నగా, అంచున నీలం రంగు వేడి మచ్చలు. కొత్త ప్లేట్లు మాడిఫయర్‌లో నానబెట్టి వేశాం, అడ్డ పిన్నుని పట్టే బోల్టు కూడా కొత్తదే. ఉదయం తొమ్మిదికి మొదలుపెడితే చీకటి పడింది. తర్వాత టెస్టులో 60 దాటింది. వీడియో కాల్‌లో ఆ నీలం మచ్చలు చూపిస్తే నాన్న, "లాక్ వేసుకుని మలుపు తిప్పినట్టు చేశావు కదరా" అన్నాడు.

ఇప్పటికి 17 వేల మైళ్లయింది. రెండు వెనక టైర్లూ ఒకేసారి మారుస్తున్నాను, 30 వేల మైళ్లకోసారి ఆయిల్, ఒకే సీసా మాడిఫయర్, ఏడాదికోసారి టార్క్ రెంచి. బాగా ఎండ కాసిన రోజు పార్కింగ్ మలుపులో ఒకటి రెండు సార్లు చిన్నగా గుర్రుమంటుంది, దాన్ని అలాగే ఉండనిస్తున్నాను. పోయిన నెల నుంచి 50 మైళ్ల స్పీడులో ఎడమ వెనక సన్నటి రొద వస్తోంది, కారుని కుడికి ఊపితే పెరుగుతోంది. అది డిఫరెన్షియల్ కాదు, ఎడమ ఇరుసు బేరింగ్. ఇందులో బేరింగ్ రోలర్లు నేరుగా ఇరుసు మీదే దొర్లుతాయి కాబట్టి, ఇరుసు మీద గాడి పడిందో లేదో చూశాకే బేరింగ్ ఒక్కటి చాలా, ఇరుసు కూడా కావాలా అన్నది తేలుతుంది. వచ్చే శనివారం మూత విప్పుతున్నాం.